దిబ్బకు ఇవతల

చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే మా ఆయన వంటింటి గడప దాకా వచ్చి, "ఎల్లుండి దివిసీమకు పోతున్నం. నువ్వు గూడ రా" అన్నాడు. రైసుమిల్లు ఉన్న ఇంట్లో రాళ్ళు ఏరడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మంచి బియ్యం బస్తాలకెక్కి అమ్మకానికి పోతాయి, ఇంట్లోకి వచ్చేవి నేల మీద ఊడ్చి ఎత్తినవి. పెళ్ళై మిర్యాలగూడకు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అప్పటి నుంచీ ఆ బియ్యమే ఏరుతున్నాను. ఆయన వంటింటి గడప దాకా రావడమే అరుదు. "నువ్వు గూడ రా" అనడం అంతకంటే అరుదు. చేట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరి వర్తకులూ ఇద్దరు ముగ్గురు పంతుళ్ళూ కలిసి మిత్రమండలి అని ఒకటి పెట్టి బియ్యం, బట్టలు పంపారు. మా ఆయన బద్రీనాథ్ దానికి కార్యదర్శి. ఇప్పుడు ఫిబ్రవరిలో, మిల్లు పని కాస్త పలచబడ్డాక, ఒక వారం అక్కడే ఉండి సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద సరుగుడు మొక్కలు నాటి రావాలని నిర్ణయం చేసుకున్నారు. దిబ్బ గట్టిగా ఉంటే ఈసారి నీళ్ళు ఊరిలోకి రావట. సముద్రం చూస్తానన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. కోదాడలో పుట్టి, మిర్యాలగూడకు వచ్చి, కూతురిని సూర్యాపేటకు ఇచ్చాను. ఈ మూడు ఊళ్ళ మధ్య బస్సులో తిరగడం తప్ప నేను చూసింది ఏమీ లేదు. నాగార్జునసాగర్‌కు కూడా, చుట్టాలు వచ్చి పోదామన్నప్పుడల్లా, వాళ్ళు తిరిగొచ్చేసరికి వంట కావాలి కనుక నేను ఇంట్లో ఉండిపోయాను.

ఆ రాత్రి చీరలు సర్దుకుంటుంటే ఆయన చెప్పాడు, ఇంకో ఇద్దరి ఇళ్ళలోంచి కూడా ఆడవాళ్ళు వస్తున్నారని. "ముప్పై మందికి వంట. హోటల్ తిండితోటి అందరికి కడుపులు చెడుతున్నయ్. మన ఆడోళ్ళు ఉంటే ఫికర్ లేదు" అన్నాడు. నా సంబరం తగ్గిందని చెప్తే అబద్ధం. వంట ఎక్కడైనా వంటే, కానీ అక్కడ పక్కన సముద్రం ఉంటుంది కదా అనుకున్నాను. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, రాలేదు. తన పేరున కూడా ఒక మునక మునిగి రమ్మంది.

మిల్లు లారీలోనే పోయాం. డ్రైవరు మల్సూర్, పక్కన మా ఆయన. వెనుక బస్తాల మీద మిగతావాళ్ళు, ఒక మూలకు మేము ముగ్గురం, గుండిగలు మా కాళ్ళకు తగులుతూ. చేరేసరికి సాయంత్రం. సగం కూలిన బడి పక్కన తాటాకులతో మా వంటసాల వేసి ఉంచారు. దాని వెనుక పొలం, పొలం చివర ఇసుక దిబ్బ. దిబ్బ అంటే నేను అనుకున్నంత ఎత్తు కాదు, మనిషికి రెండింతలు ఉంటుందేమో. దానికి అవతల సముద్రం. చప్పుడు వినిపిస్తోంది. మిల్లు నడుస్తున్నప్పుడు మా ఇంట్లో గోడలు అదిరినట్టు ఆ చప్పుడు నేలలోంచి అరికాళ్ళకు తెలుస్తోంది. వచ్చిన మగవాళ్ళంతా లారీ దిగగానే కేకలు వేసుకుంటూ అటు పరుగెత్తారు. మేము పొయ్యి రాళ్ళు పెట్టుకున్నాం, వాళ్ళు వచ్చేసరికి చాయ్ కావాలి.

మర్నాడు తెల్లవారకముందే ఉప్మా, చాయ్. అది అయ్యేసరికి అన్నం, పప్పు, పచ్చిపులుసు. గిన్నెలు తోమేసరికి మళ్ళీ చాయ్. కట్టెలు పచ్చివి, పొగ వంటసాలలోనే తిరుగుతుంది. కళ్ళు తుడుచుకుంటూ గంజి వారుస్తుంటే దిబ్బ మీద వాళ్ళు వరుసగా నిలబడి ఫొటో దిగడం కనబడేది. పొద్దున రెండు గంటలు గుంటలు తవ్వి, మొక్కలు పెట్టి, ఎండెక్కగానే వచ్చి పందిట్లో కూర్చునేవారు. శ్రమదానం అనే మాట ఆ వారం రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. చేతులకు బొబ్బలు ఎక్కాయని ఒకరికొకరు చూపించుకునేవారు. నా అరచేతిలో గంటె పట్టిన చోట కాయ కాసి ఎన్నేళ్ళయిందో నాకే తెలియదు. దాన్ని చూపించాలని ఎప్పుడూ తోచలేదు. తోచినా ఎవరికి చూపించాలి?

మూడోనాడు ఆయనకు అన్నం వడ్డిస్తూ, ఒక్కసారి పోయి సముద్రం చూసి వస్తామని అడిగాను. పక్కన కూర్చున్న పంతులు నవ్వాడు. ఈయన కూడా నవ్వి, "సముద్రం ఏడికి పోతది? ఆఖరి రోజు అందరం కలిసి పోదాం. జర పులుసు పొయ్యి" అన్నాడు. విసుక్కోలేదు, కోప్పడలేదు. పిల్ల మిఠాయి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నేను పులుసు పోశాను. నలభయ్యో ఏట, నాలుగు వందల గజాల దూరంలో ఉన్న దాన్ని చూడడానికి అనుమతి అడిగానన్న సంగతి చెయ్యి కడుక్కున్నాక తట్టింది. అడగకుండా పోవచ్చునని మాత్రం అప్పుడూ తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే ఎస్తేరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేపలు పట్టే వాళ్ళ పల్లె ఆవిడది. వంటసాల బయటే నిలబడి, బియ్యం కడిగిన నీళ్ళు పారబోయొద్దని, తనకిమ్మని అడిగింది. ఉప్పెన తర్వాత బావులన్నీ ఉప్పెక్కాయట. మంచినీళ్ళు ట్యాంకరులో వచ్చేవి తాగడానికే చాలవు, మొక్కలకు పోసేందుకు పల్లెలో ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కడుగు నీళ్ళు పోగు చేస్తున్నారు. మావాళ్ళు పొద్దున నాటి వస్తే, సాయంత్రం వీళ్ళు నీళ్ళు పోస్తున్నారన్నమాట. ఆ సంగతి మా పందిట్లో ఎవరూ అనగా వినలేదు. గుండిగ నిండుగా ఉంది, ఒక్క మనిషి మోయలేనంత. నేను ఒక బిందె చంకన పెట్టుకున్నాను. తోటి ఇద్దరినీ పొయ్యి చూడమని చెప్పి ఆవిడ వెనుక నడిచాను.

దిబ్బ ఎక్కుతుంటే ఇసుక కాళ్ళ కింద జారింది. బిందెలో నీళ్ళు తొణికి చీర తడిసింది. పైకి చేరేసరికి గాలి కొంగును లాగేసింది, ఎదురుగా సముద్రం. ఎలా ఉందని ఇప్పటికీ నన్ను ఎవరైనా అడిగితే చెప్పలేను. అంత ఖాళీ జాగా నేను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా గోడ, అల్మారా, ఎవరో ఒకరి మంచం. కళ్ళు పోయినంత దూరం పోనివ్వడం కళ్ళకు అలవాటు లేక నీళ్ళు వచ్చాయి. ఎస్తేరు అటు చూడలేదు. సముద్రానికి వీపు పెట్టి కూర్చుని మొక్క మొదట్లో చేత్తో ఇసుక కుదురు చేసింది. ఉప్పెనలో పెనిమిటినీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుందని తర్వాత తెలిసింది. ఆవిడే చెప్పింది, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. దిబ్బలో ఒకచోట బండి పట్టేంత గండి ఉంది. ఇళ్ళ పునాదులకు ఆ ఇసుకే తవ్వుకున్నారట, నీళ్ళు ఆ గండిలోంచే ఊరి మీద పడ్డాయి.

"మా చేతుల్తో మేవే తవ్వుకున్నాం అమ్మగారూ. మేవే పూడ్చుకోవాల" అంది.

గండికి అడ్డంగా తాటాకుల దడి కట్టి ఉంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆ దడి మొదట్లో ఆగి మెల్లగా పోగవుతోంది. ఇసుకలో పాకే ఊదాపూల తీగను తెచ్చి దాని మీద పరుస్తున్నారు, ఇసుక మళ్ళీ ఎగిరిపోకుండా. నేనూ కూర్చున్నాను. ఎస్తేరు గుంట తీసింది, నేను మొక్క నిలబెట్టి ఇసుక కప్పాను. గట్టిగా కాలితో తొక్కమంది. ఒకటి, ఇంకొకటి, తర్వాత ఒక వరుస. నేను చేసిన పని ఏదైనా చేసిన పూటే అయిపోతుంది. వండింది తినేస్తారు, తోమింది మళ్ళీ ఎంగిలవుతుంది, ఉతికింది మాస్తుంది. చేసి వెనక్కి తిరిగి చూస్తే చేసింది చేసినట్టు నిలబడి ఉండడం నాకు కొత్త. దాహం వేస్తే ఎస్తేరు తన గుడిసెలోంచి సత్తు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగి నా మొహం చూసింది. నేను అందుకుని తాగాను.

తిరిగి వచ్చేసరికి రాత్రికి పెట్టిన అన్నం అడుగంటింది. మాడు వాసన పందిరి దాకా వచ్చింది. మా ఆయన అందరి ముందూ లేచి నిలబడి, "సేవకు వచ్చినం మనం, షికారుకు కాదు. ఎవరి పని వాళ్ళు చేస్తెనే కదా సంఘం నడిచేది" అన్నాడు, నా పేరు ఎత్తకుండా. అందరూ విస్తరి వంక చూస్తూ కూర్చున్నారు. తిన్నాక పక్కకు పిలిచి, వాళ్ళింట్లో నీళ్ళు తాగానటగదా అని మెల్లగా అడిగాడు. తాగానన్నాను. ఇంటికి పోయాక అమ్మతో మాత్రం అనవద్దన్నాడు. అంతకు ముందు రోజే ఆ పల్లెవాళ్ళను కూర్చోబెట్టి, మీరూ మేమూ ఒక తల్లి బిడ్డలం అని ఆయన ఉపన్యాసం చెప్పాడు. ఆ మాటలు ఆయన కపటంగా చెప్పాడని నేను అనను. చెప్పినప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. ఒక తల్లి బిడ్డలు ఎవరింట్లో ఎవరు నీళ్ళు తాగాలన్నది మాత్రం ఆయనకు వేరే సంగతి.

ఆఖరి రోజు ఎవరో అధికారి వచ్చాడు. సభ అయింది, దండలు పడ్డాయి. అందరూ సముద్రానికి పోయారు. మేము ముగ్గురం గుండిగలు తోమి లారీకి ఎక్కించాం, చీకటి పడక ముందే బయలుదేరాలి కదా. అత్తమ్మ పేరున మునగడం కూడా కాలేదు.

ఊరికి వచ్చాక మా ఇంటి ముందు షామియానా వేసి మిత్రమండలికి సన్మానం చేశారు. మొక్కలు నాటి వదిలేయం, వానలు పడేదాకా వంతులవారీగా ఇద్దరిద్దరు పోయి నీళ్ళు పోయించి వస్తాం అని మా ఆయన మైకులో మాట ఇచ్చాడు. లోపల పూరీలు వేయిస్తున్న నేను ఆ మాట చెవిన పడగానే పొయ్యిలో మంట తగ్గించి మరీ విన్నాను. మార్చిలో మొదటి వంతు ఇద్దరు పోయారు. ఎండకు తట్టుకోలేక రెండో రోజే తిరిగి వచ్చారు. తర్వాత వంతువాళ్ళకు తీరిక కాలేదు. యాసంగి వడ్లు వస్తున్నాయి, త్రిపురారం నుంచి బండ్లు వరుస కట్టాయి, మిల్లు రాత్రింబవళ్ళు నడుస్తోంది. నేను ఒకటి రెండు సార్లు గుర్తు చేస్తే, అటవీశాఖ వాళ్ళు చూసుకుంటారని అన్నాడు.

ఏప్రిల్ నెలలో మల్సూర్ బియ్యం లోడుతో బందరు దాకా పోయి, దారి మళ్ళించుకుని ఆ పల్లె కూడా చూసి వచ్చాడు. చాయ్ ఇస్తుంటే గడప అవతల నిలబడి చెప్పాడు. "సగం మొక్కలు ఎండినయమ్మా. మిగిలినయిటికి ఆ ఎస్తేరమ్మ, ఇంకో నలుగురు ఆడోళ్ళు నీళ్ళు మోస్తున్నరు. కోసెడు దూరం కెళ్ళి తెస్తున్నరు. ఆ అమ్మ మళ్ళ రాదా అని మిమ్మల్ని అడిగింది."

నన్ను అడిగిందట. మా ఇంట్లో రోజుకు వందసార్లు నన్ను పిలుస్తారు. నీళ్ళకు, చాయ్‌కు, పోయిన తాళంచెవికి, రాని నిద్రకు. అడగడం వేరు. రాగలిగినదాన్ని అనుకుని, వస్తే ఏదో తేడా పడుతుందనుకుని ఒక మనిషి నన్ను అడగడం అదే మొదలు. రెండు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాను. కూరగాయలు తరుగుతున్నా, అత్తమ్మ కాళ్ళకు నూనె రాస్తున్నా, ఆ మొక్కల వరుస కళ్ళ ముందు కదిలేది. బియ్యం కడిగిన నీళ్ళు తూములోకి పోస్తుంటే చెయ్యి ఆగేది. మూడోనాడు ఆయన భోజనం చేస్తుండగా చెప్పాను, వానలు పడేదాకా నేను పోయి అక్కడ ఉంటానని.

ఆయన చెయ్యి ఆగింది. నేను హాస్యమాడుతున్నానేమో అని నా మొహం చూశాడు.

"నువ్వా? ఒక్కదానివా? ఎవరింట్ల ఉంటవ్?"

"ఎస్తేరు ఇంట్ల."

"నీళ్ళు పొయ్యనీకె గాడ ఆడోళ్ళు లేరా? నలుగురు కూలోళ్ళను పెట్టిస్త, ఖతం. ఇంటి మనిషిని పంపి మొక్కలకు నీళ్ళు పోయించిండంటే నలుగురిల నా ఇజ్జత్ ఏం గావాలె?"

మీరే మైకులో మాట ఇచ్చారు కదా అన్నాను. మాట ఇచ్చింది మిత్రమండలి, నువ్వు కాదు అన్నాడు. నేను మిత్రమండలిలో లేనా అని అడిగాను. ఆ ప్రశ్న ఆయనకు నిజంగా అర్థం కాలేదు. అత్తమ్మ మంచం మీద నుంచి, ఇంట్లో చేసే సేవ చాలదా, నా మోకాళ్ళకు కాపడం పెట్టేదెవరు అని అడిగింది. ఆమెను తప్పు పట్టలేను. ఆమె కూడా ఇదే వంటింట్లో యాభై ఏళ్ళు చేసి చేసి మోకాళ్ళు పోగొట్టుకుంది. సూర్యాపేట నుంచి కూతురు శకుంతల కూడా వచ్చింది, ఎవరు చెప్పి పంపారో. అమ్మా, ఈ వయసులో నీకు ఇదేం పరేషాన్, మా అత్తగారింట్లో నేను ఏమని చెప్పుకోవాలి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్కరు కూడా నన్ను కొట్టలేదు, తిట్టలేదు, గదిలో పెట్టి తాళం వేయలేదు. అందరూ నేను లేకపోతే తమకు ఎలా జరుగుతుందో చెప్పారు. తాళం అయితే పగలగొట్టొచ్చునేమో.

నాలుగు రోజులు నేను మాట్లాడకుండా పని చేసుకుపోయాను. నేను ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు కనుక ఆ మౌనం ఎవరికీ పట్టలేదు. ఒకనాడు మాత్రం పప్పులో ఉప్పు మరిచిపోయాను. అప్పుడు ఆయనకు భయం వేసినట్టుంది. కోదాడకు మా నాయినకు ట్రంక్ కాల్ చేసి మాట్లాడాడు. రాత్రి నా పక్కన కూర్చుని, ఎంతో ప్రేమగా, "పది రోజులు మీ అమ్మగారింటికి పోయిరా. మనసు జర తేట పడతది. అన్ని మర్చిపోతవ్" అన్నాడు. సరేనన్నాను. ఆ సరే అన్నప్పుడు నా మనసులో ఇంకే ఆలోచనా లేదు, ఒట్టు. అలసిపోయి ఒప్పుకున్నాను.

తెల్లవారి బెజవాడ పోయే బస్సు దగ్గరకు ఆయనే వచ్చి సీటు చూసి కూర్చోబెట్టాడు. కోదాడకు టికెట్టు డబ్బులు కండక్టరు చేతిలోనే పెట్టి, "మా మనిషి. కోదాడల దింపు. వాళ్ళ తమ్ముడు వచ్చి తీసుకపోతడు" అని చెప్పాడు. పార్శిలు మీద చిరునామా చదివి వినిపించినట్టు ఉంది ఆ మాట. కండక్టరు నన్ను చూడకుండానే తలూపాడు. బస్సు కదిలింది. హుజూర్‌నగర్ దాటాక కాలువ పక్కన కోసేసిన మళ్ళు, గడ్డివాములు, ఎండ. కండక్టరు బెజవాడ టికెట్లు కొట్టుకుంటూ నా సీటు దాటి పోయాడు, నాతో పని లేదు కనుక. మా అమ్మగారింట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అమ్మ నెత్తికి నూనె పెడుతుంది. నాయిన, అల్లుడు బంగారం అంటాడు. పదకొండో రోజు పసుపు కుంకుమ పెట్టి ఇదే రోడ్డు మీద బస్సు ఎక్కిస్తారు. మిగిలిన మొక్కలూ ఎండిపోతాయి. ఎస్తేరు మళ్ళీ అడగదు. కండక్టరు వెనక్కి తిరిగి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"కోదాడ నుంచి బెజవాడకు నాకు టికెట్ కొట్టు."

"సారు కోదాడల దింపమన్నడు కదమ్మా."

"ఆయన చెప్పింది విన్నవ్. నేను చెప్పేది గూడ విను" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. అతను ఒక్క క్షణం చూసి టికెట్టు చింపి ఇచ్చాడు. కొంగు ముడి విప్పి డబ్బులిచ్చాను.

కోదాడ స్టాండులో బస్సు చాయ్ కోసం ఆగింది. తమ్ముడు యాదగిరి కిటికీ దగ్గరకే వచ్చి సంచి అందుకోబోయాడు. నేను సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాను. దిగడం లేదని, దివిసీమ దాకా పోతున్నానని చెప్పాను. వాడు మొదట నవ్వాడు, తర్వాత వాడి మొహం పాలిపోయింది.

"బావకు తెలుసా అక్కా?"

"తెలియదు."

"మరి ఎప్పుడొస్తావు?"

"వానలు పడ్డంక."

వాడు చెడ్డవాడు కాదు. నన్ను చెయ్యి పట్టి దింపలేదు. స్టాండు ఎదురుగా ఎరువుల దుకాణంలో ఫోను ఉంది, అటు పరుగెత్తాడు. మామూలుగా గంటలకొద్దీ పట్టే లైను ఆ రోజు వెంటనే కలిసింది. వాడు ఫోను చెవికి పెట్టుకుని నా కిటికీ వంక చూస్తూ ఏదో చెప్పడం, వింటూ తల ఊపడం, మళ్ళీ చెప్పబోయి ఆగిపోవడం అన్నీ కనబడుతున్నాయి. అవతల ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు వినకుండానే తెలుసు. డ్రైవరు చాయ్ గ్లాసు పెట్టి వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఇంజను మొదలైంది. దిగిపోతే ఎంత హాయి, అందరికీ ఎంత నిమ్మళం, నాకు కూడా. సంచి పట్టీ రెండు మడతలు వేసి చేతికి చుట్టుకున్నాను. అప్పుడే యాదగిరి రోడ్డు దాటి రొప్పుతూ వచ్చి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"అక్కా, బావ లైన్లోనే ఉన్నాడు. ఫోను కింద పెట్టలేదు. దిగి ఒక్క మాట మాట్లాడమంటున్నాడు."

"ఉండనియ్యి" అన్నాను.